అర మిల్లీమీటరు పనితనం

1859లో అచ్చయిన తన పుస్తకంలో, నాలుగో అధ్యాయంలో, డార్విన్ ఒక చోట పాఠకుల అనుమతి అడుగుతాడు. ప్రకృతి వరణం ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఒకటి రెండు ఊహా ఉదాహరణలు చెప్పుకోనివ్వమంటాడు. ఆ తర్వాత తోడేళ్ల సంగతి ఎత్తుకుంటాడు. తిండి కరువైన రోజుల్లో చురుగ్గా పరుగెత్తే జింకలే వేటకు మిగిలితే, కాళ్లలో వేగమున్న తోడేళ్లే బతికి బట్టకడతాయి, వాటి పిల్లలకూ ఆ వేగం వస్తుంది. తర్కం చక్కగానే ఉంది. కాని అలా జరగడం ఎవరూ చూడలేదు. ఏళ్ల తరబడి సాక్ష్యాలు పోగేసిన మనిషి, పావురాలు పెంచేవాళ్లతోనూ పశువులు పెంచేవాళ్లతోనూ ఉత్తరాలు నడిపిన మనిషి, అసలు ఆయువుపట్టు దగ్గరికి వచ్చేసరికి ఊహను ఆశ్రయించాల్సి వచ్చింది. ప్రకృతిలో మార్పు అతి నెమ్మదిగా సాగుతుందని, ఒక మనిషి జీవితకాలంలో అది కంటికి ఆనదని ఆయన నమ్మాడు.

ఆయన అలా ఖాళీగా వదిలిన చోటును నింపిన ఒక పని గురించి ఈ వ్యాసం. చేసినవాళ్లు పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు, వాళ్లతో పాటు నెలల తరబడి గుడారాల్లో గడిపిన విద్యార్థులు. చేసిన చోటు పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల, గలపగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న ద్వీపం. పట్టిన కాలం 1973 నుంచి 2012 వరకు, నలభై ఏళ్లు. ప్రకృతి వరణాన్ని కళ్లారా చూసిన మొదటివాళ్లు వీళ్లేనని అనను. 1950లలో ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ కెటిల్‌వెల్ చిమ్మెటల మీద చేసిన ప్రయోగాలు మన పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. అయితే అడవి పక్షుల్లో ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపెట్టుకుని, దాని కొలతలు, తిండి, జోడు, సంతానం, చావు అన్నీ రాసుకుంటూ తరాల తరబడి వెంట నడిచిన పనుల్లో ఇంత నిండుగా చేసింది చాలా అరుదు. ప్రతి కీలూ ఎంత బిగువుగా కుదిరిందో దగ్గరగా చూస్తేనే దీని విలువ తెలుస్తుంది.

ముందు చోటు సంగతి. డాఫ్నీ మేజర్ చల్లారిపోయిన అగ్నిపర్వతపు నోరు. సముద్రంలోంచి నిలువుగా లేచి 120 మీటర్ల ఎత్తున ఆగింది. విస్తీర్ణం 34 హెక్టార్లు, అంటే మన లెక్కలో ఎనభై నాలుగు ఎకరాలు. ఒక మోస్తరు పల్లెటూరి మాగాణి అంత కూడా ఉండదు. మనుషులు లేరు, మంచినీళ్లు లేవు, నీడనిచ్చే చెట్లు లేవు. నాగజెముడు, పొదలు, వాన పడితే మొలిచే గడ్డి, అంతే. దిగడానికి ఒడ్డు లేదు. పడవ అలతో పైకి లేచిన క్షణం చూసుకుని ఒక రాతి అంచు మీదికి దూకాలి, ఆ తర్వాత తాగే నీళ్ల డబ్బాల దగ్గర్నుంచి బియ్యం, పుస్తకాల దాకా చేతులు మార్చుకుంటూ కొండ మీదికి చేరవేసుకోవాలి. గ్రాంట్ దంపతులు తమ ఇద్దరు ఆడపిల్లల్ని కూడా తీసుకెళ్లేవాళ్లు. ఆ పిల్లలు ఆ గుడారాల దగ్గరే పెరిగారు.

ఇంత కష్టమైన చోటును ఎంచుకోవడంలోనే పనితనం మొదలైంది. ద్వీపం చిన్నది కాబట్టి పక్షుల్ని లెక్కపెట్టొచ్చు. మరీ చిన్నది కాదు కాబట్టి వందల్లో పక్షులుంటాయి, లెక్కలకు బలం ఉంటుంది. పెద్ద ద్వీపమైన శాంటా క్రూజ్ కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా పక్షుల రాకపోకలు తక్కువ. మనిషి కాపురం పెట్టలేదు కాబట్టి పిల్లులు, ఎలుకలు, మేకలు చేరి కథను పాడుచేయలేదు. పైగా అక్కడి పక్షులకు మనిషంటే భయం తెలియదు. రాసుకుంటున్నవాళ్ల చేతిమీదా టోపీమీదా వచ్చి వాలేవి. ఏ ప్రశ్నకు ఏ చోట జవాబు దొరుకుతుందో తెలుసుకోవడం శాస్త్రంలో సగం పని. ఈ ఇద్దరూ ఆ సగాన్ని పడవ ఎక్కకముందే చేసుకున్నారు.

అక్కడ ప్రధానంగా ఉండేవి రెండు రకాల ఫించ్ పక్షులు. ఒకటి మధ్యరకం నేల ఫించ్, శాస్త్రనామం జియోస్పైజా ఫోర్టిస్. నేలమీద గింజలు ఏరుకుని తినే పిచ్చుకంత పక్షి, బరువు పదిహేను పదహారు గ్రాములు. రెండోది నాగజెముడు పూలూ కాయలూ తినే జెముడు ఫించ్. 1835లో డార్విన్ గలపగోస్‌లో ఇలాంటి పక్షుల్ని కొన్నిటిని కాల్చి పట్టుకెళ్లాడు గానీ ఏది ఏ ద్వీపానిదో సరిగ్గా రాసిపెట్టుకోలేదు. లండన్‌లో పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ చూసి, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన వేర్వేరు జాతులని చెప్పాకే ఆయన కళ్లు తెరుచుకున్నాయి. అదే పక్షుల దగ్గరికి నూట ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లిన గ్రాంట్ దంపతులు రాసిపెట్టుకోవడాన్నే తమ ప్రధాన వృత్తిగా చేసుకున్నారు.

సన్నని వలలో పడ్డ పక్షిని జాగ్రత్తగా విడిపించి, కాళ్లకు కడియాలు తొడిగేవాళ్లు. అంకె చెక్కిన లోహపు కడియం ఒకటి, రంగురంగుల ప్లాస్టిక్ కడియాలు మూడు. ఒక్కో రంగుకు ఒక్కో అంకె. అందువల్ల ఆ పక్షిని మళ్లీ పట్టుకోనక్కర్లేదు, దూరం నుంచి కాళ్లు చూస్తే చాలు ఎవరో తెలిసిపోతుంది. తర్వాత బరువు, రెక్క పొడవు, కాలి పొడవు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు, ముక్కు మందం తీసుకునేవాళ్లు. మందం అంటే మొదట్లో, పై అంచు నుంచి కింది అంచుకు ఉన్న దూరం. ఇవన్నీ మన ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో వాడేలాంటి కాలిపర్స్‌తోనే. ఒకే పక్షిని మళ్లీ మళ్లీ కొలిచి, ఒకరి కొలతకు ఇంకొకరి కొలతకు ఎంత తేడా వస్తోందో కూడా లెక్క కట్టారు. చేతి తప్పు ఎంతో తెలియకుండా అర మిల్లీమీటరు గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదని వాళ్లకు తెలుసు.

పక్షిని కొలిచి ఊరుకుంటే సగం పనే అయ్యేది. తిండిని కూడా కొలిచారు. ద్వీపం మీద చదరపు మీటరు చొప్పున గడులు గీసి, ఆ గడిలో మొక్కల మీదా మట్టిలోనూ ఉన్న గింజలన్నీ ఏరి, జాతుల వారీగా వేరుచేసి, లెక్కపెట్టి, తూకం వేశారు. ఒక్కో గింజ ఎంత పెద్దదో, ఎంత గట్టిదో చూశారు. గట్టితనం కొలవడానికి కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఒక పనిముట్టు తయారు చేయించారు. చూడ్డానికి కటింగ్ ప్లేయర్, దానికి బలాన్ని చూపే కొలబద్ద. గింజను దవడల మధ్య పెట్టి నొక్కితే ఎంత బలానికి పగిలిందో తెలుస్తుంది. గింజ పగలడానికి కావాల్సిన బలం ఒకవైపు, దాన్ని పగలగొట్టాల్సిన ముక్కు ఇంకోవైపు. రెండింటికీ అంకెలు దొరికాక కథ చెప్పడానికి ఊహ అక్కర్లేదు.

ఆ గింజల్లో ఒకదాన్ని తెలుగువాళ్లు వెంటనే గుర్తుపడతారు. పేరు ట్రిబ్యులస్ సిస్టాయిడిస్. మన చేలగట్ల మీద పాకి, పచ్చని పూలు పూసి, చెప్పుల్లేని కాళ్లలో దిగబడే పల్లేరుకు ఇది స్వయానా దాయాది, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. పల్లేరు కాయ చేతిలోకి తీసుకుని చూసినవాళ్లకు దాని కట్టుబడి తెలుసు. కాయ అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు ముళ్లు, లోపల కొయ్యలాంటి గోడల మధ్య కొన్ని గింజలు. డాఫ్నీలో పెద్ద ముక్కున్న ఫోర్టిస్ ఈ ముక్కను రాతికి అదిమి పట్టి, ఒక మూలను కొరికి మెలిపెట్టి గోడ చీల్చి, గింజ లాగుతుంది. అంత ముక్కు లేని ఫోర్టిస్ అసలు దాని జోలికే పోదు. మందంలో ఒక మిల్లీమీటరు కూడా తేడా లేని రెండు పక్షుల్లో ఒకదానికి అది తిండి, ఇంకొకదానికి అది రాయి.

ఇదంతా సిద్ధంగా ఉన్నప్పుడు కరువు వచ్చింది. 1976 వానాకాలంలో దాదాపు 130 మిల్లీమీటర్ల వాన పడితే, 1977లో పడింది 24 మిల్లీమీటర్లు. కొత్త గింజ కాయలేదు. మొదట్లో మెత్తని చిన్న గింజల్ని అన్ని ఫించ్‌లూ కలిసి తినేశాయి. నెలలు గడిచే కొద్దీ నేలమీద మిగిలింది పెద్దవీ గట్టివీ, అందులో ముఖ్యంగా పల్లేరు. ఆ ఏడాది ఫోర్టిస్ గూళ్లు కట్టి పిల్లల్ని లేపలేదు. అప్పుడు ద్వీపం మీద ఉన్న విద్యార్థి పీటర్ బోగ్. కడియాలున్న పక్షులు ఒకటొకటిగా కనబడకుండా పోవడం ఆయన రోజువారీ పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఫోర్టిస్ పక్షుల్లో నూటికి ఎనభై అయిదు పోయాయి.

ఇప్పుడు ముందు కొలిచి పెట్టుకున్న పుస్తకం తెరవాలి. కరువుకు ముందు ఫోర్టిస్ ముక్కు మందం సగటున 9.42 మిల్లీమీటర్లు. బతికి బయటపడ్డవాటి సగటు 9.96. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది, నెమ్మదిగా చెప్పుకోవాలి. ఏ పక్షి ముక్కూ పెరగలేదు. కష్టం వచ్చింది కదా అని, గట్టి గింజ కొరికింది కదా అని ఏ ఫించ్‌కూ ముక్కు బలియలేదు. 9.96 అనే సగటు బతికినవాటిది, అదీ కరువుకు ముందే కొలిచినవాటిది. చిన్న ముక్కులవి పోవడం వల్ల సగటు జరిగింది. ప్రకృతి వరణం అంటే ఇంతే, ఇంతకు మించి మాయ ఏమీ లేదు. అవసరాన్ని బట్టి అవయవం పుట్టుకొస్తుందనే భావన మనలో ఎంత లోతుగా ఉందో చూస్తే, ఈ ఒక్క వాక్యాన్ని అర్థం చేయించడానికే ఇంత పని చేసినా తప్పులేదనిపిస్తుంది.

నాకు ఈ పనిలో అన్నింటికన్నా నచ్చేది ఆ తర్వాతి భాగం. ఒక సంగతి కనబడగానే వాళ్లు పండగ చేసుకోలేదు. తమ ఫలితాన్ని పడగొట్టగల అనుమానాలన్నీ తామే లేవదీసి, ఒక్కొక్కదానికీ జవాబు వెతికారు.

మొదటి అనుమానం: పోయిన పక్షులు చచ్చాయా, వేరే దీవికి ఎగిరిపోయాయా? ఎండిన కళేబరాలు కొన్ని ద్వీపం మీదే దొరికాయి. మాయమైనవి వానలు పడ్డాక తిరిగి రాలేదు. రెండోది మరింత లోతైనది. బతికినవాటి ముక్కు మందం వాటి పిల్లలకు వస్తుందా? రాకపోతే ఆ కరువు ఒక్క తరంతో ముగిసిపోయే విషాదం మాత్రమే, పరిణామం కాదు. తల్లిదండ్రుల సగటును ఒక అక్షం మీద, పిల్లల సగటును ఇంకో అక్షం మీద పెట్టి గీసిన గీత ఏటవాలుగా పైకి పోయింది. పెద్ద ముక్కులున్నవాటికి పెద్ద ముక్కుల పిల్లలే పుట్టాయి. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. బలమైన తల్లిదండ్రులు పిల్లలకు బాగా తిండి పెట్టడం వల్ల పిల్లలు పెద్దవయ్యాయేమో? దీన్ని తేల్చడానికి మంచి పద్ధతి గుడ్లు తారుమారు చేసి చూడటం. కెనడాలో జేమ్స్ స్మిత్, ఆంద్రే డోంట్ పాటపిచ్చుకల గూళ్లలో ఆ పని చేసి, పిల్లలు పెంచినవాళ్లను కాక కన్నవాళ్లను పోలతాయని 1980లో చూపించారు. డాఫ్నీలో బోగ్ వేరే దారి తొక్కాడు. కరువుకు ముందు 1976లో పుట్టిన పిల్లల్ని, తర్వాత 1978లో పుట్టిన పిల్లల్ని విడివిడిగా గీశాడు. సంవత్సరాలు వేరు, తిండి వేరు, అయినా తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య పోలిక చూపే గీతల వాలు దాదాపు ఒకటే. ఏళ్ల తర్వాత రక్తపరీక్షలతో ఏ పిల్లకు తండ్రి ఎవరో తేల్చి సరిదిద్దిన లెక్కలో కూడా, ముక్కు మందంలో పక్షికీ పక్షికీ ఉన్న తేడాలో మూడింట రెండు వంతులు వారసత్వం వల్ల వచ్చిందేనని నిలబడింది.

చివరికి 1978లో పుట్టిన పిల్లల ముక్కులు కరువుకు ముందటి తరం కంటే దాదాపు నాలుగు శాతం మందంగా ఉన్నాయి. డార్విన్ యుగాలు పడుతుందనుకున్నది ఒక్క ఏడాదిలో జరిగింది, కాలిపర్స్‌కు దొరికింది.

మూడో అనుమానం గణితానిది. పెద్ద పక్షికి ముక్కు పొడవు, వెడల్పు, మందం అన్నీ పెద్దవే. అలాంటప్పుడు కరువు దేన్ని ఎంచుకుంది? ఒంటినా, ముక్కునా, ముక్కులో ఏ కొలతనా? ఒకదాన్ని కదలకుండా పట్టుకుని మిగతాదాన్ని చూసే గణిత పద్ధతిని విద్యార్థి ట్రెవర్ ప్రైస్, పీటర్ గ్రాంట్ కలిసి ఈ లెక్కలకు వర్తింపజేశారు. జవాబు అబ్బురం గొలిపేది. కరువు ముక్కు మందాన్ని గట్టిగా పైకి నెట్టింది. ముక్కు వెడల్పును నిజానికి కిందికి నెట్టింది. మందంగా, కాని పక్కల నుంచి సన్నగా ఉన్న ముక్కే పల్లేరు మూలను పట్టి చీల్చడానికి వీలు. అయినా వెడల్పు సగటు పెరిగిందే తప్ప తగ్గలేదు, ఎందుకంటే వెడల్పు మందంతో ముడిపడి ఉంది, మందం దాన్ని తనతో లాక్కుపోయింది. కంటికి కనబడిన మార్పు వేరు, దాని వెనక పనిచేసిన ఒత్తిడి వేరు. ఇలాంటి సన్నని సంగతిని ఒక ఎడారి ద్వీపం మీద, ఎండలో గింజలు లెక్కపెట్టిన పుస్తకాల నుంచి బయటికి లాగారంటే, ఆ కొలతలు ఎంత నికార్సుగా ఉండి ఉండాలి. ఈ భాగం చదివినప్పుడల్లా ఆ చేతులకు మొక్కాలనిపిస్తుంది.

ఆ తర్వాత తలకిందులైంది. 1982 చివర్లో ఎల్ నీనో మొదలై ఎనిమిది నెలల పాటు కుండపోతగా కురిసింది. 1983లో పడ్డ వాన 1,359 మిల్లీమీటర్లు. తీగలు అల్లుకుపోయి నాగజెముళ్లను, పల్లేరును కప్పేశాయి. ద్వీపం మీద చిన్న గింజలే రాశులుగా మిగిలాయి. మళ్లీ పొడి కాలం వచ్చేసరికి, 1984, 85లలో, చిన్న ముక్కులవే ఎక్కువగా బతికాయి. లైల్ గిబ్స్, పీటర్ గ్రాంట్ 1987లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. పరిణామానికి ఒక గమ్యం ఉందని, అది ఎప్పుడూ ‘మెరుగు’ వైపే నడుస్తుందని అనుకునేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు. 1977లో మెరుగైన ముక్కు 1985లో బరువైంది.

అయితే పరిణామం ఇలా ముందుకూ వెనక్కూ ఊగి చివరికి ఉన్నచోటికే చేరుతుందా? ముప్ఫై ఏళ్ల లెక్కలు ముందేసుకుని 2002లో గ్రాంట్ దంపతులే దీనికి జవాబు చెప్పారు. మొదలుపెట్టిన నాటి ఫోర్టిస్ కాదు, ముప్ఫై ఏళ్ల తర్వాతి ఫోర్టిస్. మొదలుపెట్టిన నాటి జెముడు ఫించ్ కూడా కాదు. కొన్నేళ్ల పరిశీలనతో ఆగిపోయి ఉంటే ఈ మాట అనగలిగేవాళ్లు కాదు.

ఇక నా దృష్టిలో వాళ్ల ఓర్పుకు దక్కిన అసలైన ఫలం 2003 నాటిది. ప్రకృతిలో ప్రయోగం చేయాలంటే పోల్చి చూడటానికి రెండో సందర్భం కావాలి, అది అడిగితే దొరకదు. 1982 చివర్లో పెద్ద నేల ఫించ్‌లు, మాగ్నిరోస్ట్రిస్ అనే జాతి, కొద్ది పక్షులు డాఫ్నీకి వచ్చి గూళ్లు కట్టాయి. ఇవి ఫోర్టిస్‌కు దాదాపు రెండింతల బరువు, పల్లేరు పగలగొట్టడంలో చాలా వేగం. ఇరవై ఏళ్లలో వందల్లోకి పెరిగాయి. అప్పుడు 2003, 2004లలో మళ్లీ కరువు. 1977 లాంటి కరువే, తిండి కరిగిపోయిన తీరూ అలాగే. ఒక్కటే తేడా, ఈసారి పల్లేరు మీద హక్కు చెప్పే బలవంతుడు పక్కనే ఉన్నాడు. ఫలితం సరిగ్గా ఎదురు తిరిగింది. పల్లేరుకు పోటీ పడ్డ పెద్ద ముక్కుల ఫోర్టిస్ చచ్చాయి, చిన్న గింజలతో సరిపెట్టుకున్న చిన్న ముక్కులవి మిగిలాయి. ఇద్దరు దగ్గరి పోటీదారులు ఒకే చోట చేరితే ఒకరి నుంచి ఒకరు దూరంగా జరుగుతారని ఫించ్‌ల గురించి డేవిడ్ లాక్ 1947లోనే రాశాడు. మ్యూజియం నమూనాలను చూసి ఊహించిన ఆ మాటను వీళ్లు జరుగుతుండగా కొలిచి చూపించారు. 1977 లెక్క లేకపోతే 2004 లెక్కకు అర్థమే లేదు. ఒక కరువుకూ ఇంకో కరువుకూ మధ్య ఇరవై ఏడేళ్లు ఆగగలిగినవాళ్లకే ఈ జంట దక్కింది.

ఇంకో పక్షి కథ చెప్పకుండా ఉండలేను. 1981లో ఒక కొత్త మగ ఫించ్ డాఫ్నీకి వచ్చింది. ఫోర్టిస్ కంటే పెద్ద ఒళ్లు, పెద్ద ముక్కు, ఎవరూ వినని పాట. దాని కడియం మీద అంకె 5110. అది ఒక ఫోర్టిస్ ఆడపక్షితో జోడు కట్టింది. ఫించ్‌లలో కొడుకులు తండ్రి పాటనే నేర్చుకుంటారు, ఆడపక్షులు పాటను బట్టి జోడును ఎంచుకుంటాయి. దాంతో ఈ వంశం మిగతావాటికి దూరంగా తమలో తామే జోడు కట్టడం మొదలుపెట్టింది. 2003 కరువులో ఆ వంశంలో ఒక అన్న, ఒక చెల్లి మాత్రమే మిగిలారు. ఆ రెండింటి నుంచే వంశం మళ్లీ లేచింది. 2012 నాటికి ఇరవై మూడు పక్షులయ్యాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో లీఫ్ ఆండర్సన్ బృందం జీనోమ్‌లు చదివి, 5110 వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఎస్పానియోలా దీవి నుంచి ఎగిరి వచ్చిన వేరే జాతి పక్షి అని తేల్చింది. కొత్త జాతి పుట్టుక మొదటి అడుగులు మనుషుల కళ్ల ముందు పడ్డాయని ప్రపంచమంతా రాసింది. గ్రాంట్ దంపతులు మాత్రం దానికి శాస్త్రనామం తగిలించలేదు. ‘పెద్ద పక్షి వంశం’ అనే పేరుతోనే వదిలేశారు. ఆ వంశం నిలుస్తుందో లేదో కాలం చెప్పాలి కాబట్టి. ఆ నిగ్రహం కూడా పనితనమే.

జీనోమ్‌లు చదవగలిగారంటే కారణం మరో ముందుచూపు. 1980ల చివరి నుంచి పట్టుకున్న ప్రతి పక్షి నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి కాగితం మీద అద్ది దాచారు. ఆ రోజుల్లో ఒక పక్షి జీనోమ్ మొత్తం చదవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. 2015లో ముక్కు మొన ఆకారానికి సంబంధించిన ఏఎల్ఎక్స్1 జన్యువు, 2016లో ముక్కు పరిమాణానికి సంబంధించిన హెచ్ఎంజీఏ2 జన్యువు వెలుగులోకి వచ్చాయి. 2004 కరువులో చచ్చినవాటికీ బతికినవాటికీ ఆ రెండో జన్యువు రూపాల్లో తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. పెద్ద ముక్కు రూపం రెండు వైపుల నుంచీ వచ్చినవాటికి బతికే అవకాశం బాగా తగ్గిపోయింది. వారసత్వం ఎలా నడుస్తుందో డార్విన్‌కు తెలియదు, అది ఆయన సిద్ధాంతంలో పెద్ద లోటు. 1930, 40లలో మెండెల్ జన్యుశాస్త్రాన్ని డార్విన్‌తో కలిపి కట్టిన ఆధునిక సిద్ధాంతం ఆ లోటును కాగితం మీద తీర్చింది. ఇక్కడ వాన, గింజ, ముక్కు, చావు, జన్యువు అన్నీ ఒకే ద్వీపం మీద, ఒకే పక్షుల్లో, ఒకే వరసలో దొరికాయి.

పీటర్, రోజ్‌మేరీ ఇద్దరూ 1936లోనే పుట్టారు. 2012లో క్రమబద్ధమైన పని ముగించే నాటికి ఇద్దరికీ డెబ్బై ఆరేళ్లు. 2009లో క్యోటో బహుమతి అందుకున్నారు. 2014లో నలభై ఏళ్ల పనినీ ఒక పుస్తకంగా రాశారు. వీళ్ల గురించి జోనథన్ వైనర్ రాసిన ‘ద బీక్ ఆఫ్ ద ఫించ్’కు 1995లో పులిట్జర్ వచ్చింది. ఇంగ్లిషు చదవగలిగినవాళ్లు ఆ పుస్తకం తప్పక చదవండి.

బడిపంతుళ్లకు ఒక విన్నపం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. పద్ధెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అది తప్పని బహిరంగ లేఖ రాశారు. పుస్తకంలో ఉన్నా లేకపోయినా, మీ తరగతిలో ఈ కథ చెప్పండి. పల్లేరు కాయ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పిల్లల చేతికిచ్చి, గోటితో దాన్ని విప్పి గింజ తీయమనండి. ఎవరు తీయగలిగారో, ఎవరు తీయలేకపోయారో నల్లబల్ల మీద రాయండి, ఆ తర్వాత డాఫ్నీ అంకెలు రాయండి.